మూడో స్టాండు, లోపలి కుర్చీ

బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. లోపల ఏసీ. ఉక్కబోతలో బస్సెక్కి వచ్చిన వయొలిన్‌ను ఈ పొడి చలిలో పెట్టెలోంచి తీస్తే పది నిమిషాల్లో శ్రుతి చెదిరిపోతుంది, బిరడాలు జారుతుంటాయి. అందుకే అందరికన్నా ముందే వచ్చారు మీరు. పెట్టె మూత తీసి వాద్యాన్ని కాసేపు ముట్టుకోకుండా వదిలేశారు. కమానుకు రోజిన్ రాసుకుంటూ కూర్చున్నారు.

ఇది 1983. మద్రాసు, సాలిగ్రామం వైపు ఒక రికార్డింగ్ థియేటర్. ఉదయం ఏడు కావస్తోంది.

మీ చోటు మూడో స్టాండు, లోపలి కుర్చీ. వయొలిన్ వరసలో ఇద్దరికో స్టాండు, దాని మీద ఇద్దరికీ కలిపి ఒకటే కాగితం. బయటి కుర్చీలో పెద్దాయన. ఆయన దవడ కింద నల్లటి మచ్చ ఉంది, ఏళ్ల తరబడి వయొలిన్ ఆనించి ఆనించి పడ్డ మచ్చ. మీకూ అక్కడ చర్మం ఎర్రబడటం మొదలైంది. లోపలి కుర్చీవాడి పని ఒకటి ఎక్కువ. పేజీ తిప్పాలి. పక్కాయన వాయిస్తూనే ఉంటాడు. మీరు రెండు మాత్రల ముందే ఆగి, కమాను పట్టుకున్న చేత్తోనే కాగితం అంచు అందుకుని, మైకుకు వినపడకుండా తిప్పి, మళ్ళీ అదే కమాను దిశలో కలవాలి.

కాపీయిస్టు వచ్చి స్టాండుకో కాగితం పంచుతున్నాడు. ఐదు గీతల స్టాఫ్ నొటేషన్, సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. మీ కాగితం మీద ముందు ఎనిమిది బార్లు ఖాళీ. తర్వాత ఊపిరి తిప్పుకోనివ్వని స్వరాల పరుగు. తర్వాత కమాను వదిలి తీగల్ని వేలితో మీటాలి. ఆ తర్వాత ఒకే స్వరం మీద నాలుగు బార్లు సాగాలి. పల్లవి ఏమిటో మీకు తెలియదు. సినిమా పేరేమిటో చెప్పినవాళ్ళు లేరు, మీరూ అడగరు. పాటలో మీ పోగు ఒక్కటే మీ చేతిలో ఉంటుంది. మొత్తం బట్ట ఎలా వచ్చిందో ఎన్నో నెలల తర్వాత, టీకొట్టు రేడియోలో వింటారు. ఆ పరుగు దగ్గరకు రాగానే ఎడమచేతి వేళ్ళు వాటంతటవే కదులుతాయి.

"డౌన్ బో నుంచి మొదలు," అంటాడు ముందు కుర్చీలో ఉన్న లీడరు, వెనక్కి తిరగకుండానే. అందరూ పెన్సిల్ తీసి గుర్తు పెట్టుకుంటారు. కమాను ఎక్కడ కిందికి రావాలో, ఎక్కడ పైకి పోవాలో వరస మొత్తానికి ఒకే నిర్ణయం. రిహార్సల్ మొదలైతే కమానులన్నీ వరినాట్లు వేసే వరసలో చేతుల్లా ఒక్కసారే వంగి ఒక్కసారే లేస్తాయి. ఇది చూడటానికి బాగుండాలని పెట్టిన నియమం అనుకునేవాళ్ళున్నారు. అసలు సంగతి శబ్దంలో ఉంది. కమాను కిందికి లాగినప్పుడు బరువు ఒకలా పడుతుంది, పైకి నెట్టినప్పుడు ఇంకోలా పడుతుంది. సగం మంది అలా, సగం మంది ఇలా లాగితే స్వరం మొదలే చీలిపోతుంది.

గాజు గదిలో గాయకుడు హెడ్‌ఫోన్స్ సర్దుకుంటున్నాడు. ట్రాకు మీద ట్రాకు వేసుకునే పద్ధతి ఇంకా పూర్తిగా రాలేదు. పాటా వాద్యమూ కలిసి ఒకే ఊపులో రికార్డు కావాలి. ఎర్ర దీపం వెలిగింది. మొదటి టేకులో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. రెండో టేకు చివరిదాకా నడిచింది గాని గాయకుడికి చరణంలో ఒక మాట నచ్చలేదు. మూడోది అందరికీ బాగుంది, ఇంజనీరుకు తప్ప. ఇలాంటప్పుడు మీకు కష్టం వేళ్ళలో ఉండదు. పరుగు మూడుసార్లు సరిగ్గా వచ్చేసింది కదా అని నాలుగోసారి మనసు కొద్దిగా జారుతుంది. నలభై మంది కూర్చున్న హాల్లో ఆ జారుడు మీ దగ్గర మొదలైతే మిగతా అందరి పనీ మళ్ళీ మొదటికొస్తుంది.

విరామంలో పెద్దాయన మీ వైపు వంగి, వచ్చీరాని తెలుగులో అంటారు: "తంబీ, నీ వయొలిన్ నీకు బాగా వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది సార్."

"అయితే తగ్గించు. నాది వినిపించాలి నీకు. నీది నాకు వినిపించాలి."

ఆర్కెస్ట్రా వయొలినిస్టుగా బతకడానికి కావలసిన అసలు చదువు ఇదే. మిగతా సాధనంతా ఈ ఒక్క పనికోసమే. ఆయన చేతి వణుకు ఎంత వేగంగా ఉందో మీ వేలి వైబ్రేటో అంతే వేగంగా ఉండాలి. ఆయన కమాను మొనదగ్గర వాయిస్తుంటే మీరు మొదలు దగ్గర వాయించకూడదు. మీలో ఉన్న విద్వాంసుణ్ణి చంపేసుకోమని ఎవరూ అనరు. పక్కవాడి శబ్దంలోకి పూర్తిగా దిగమంటారు, అంతే.

అలా దిగడం మీకు కొత్త. మీరు వచ్చింది విజయనగరం నుంచి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా ఉన్నప్పుడే ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936 నుంచి ఆయనే అధ్యక్షులు. ఫిడేలు నాయుడుగారని ఊరంతా పిలిచిన ఆయన 1964లో పోయారు గాని, ఆ పొడుగాటి కమాను లాగుడు శిష్యుల చేతుల్లో మిగిలింది. మీకు అబ్బింది అదే. నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనించి, రెండో కొస ఎదకు అదిమి వాయించారు. వాద్యం కాలికీ ఎదకీ మధ్య కదలకుండా ఉంటుంది కాబట్టి ఎడమచెయ్యి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. గమకం పుట్టేది అక్కడే. తీగల శ్రుతి గాయకుడిని బట్టి, సా పా సా పా.

మద్రాసు మెయిలు దిగాక ఇదంతా పక్కన పెట్టి మళ్ళీ ఓనమాలు దిద్దారు. కుర్చీ మీద కూర్చుని, దవడ కింద వయొలిన్ పెట్టుకుని, జి డి ఏ ఇ శ్రుతిలో. మౌంట్ రోడ్డు మీద 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ దుకాణంలో తీగలు, రోజిన్, ట్రినిటీ గ్రేడు పరీక్షల పుస్తకాలు కొన్నారు. సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గర నొటేషన్ చదవడం నేర్చుకున్నారు. మెడ పట్టేసేది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులు ఈ మద్రాసు చుట్టుపక్కలే దొరల దగ్గర వయొలిన్ నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. నేల మీదికి దిగిన ఆ వాద్యాన్ని అదే ఊళ్ళో మళ్ళీ దవడ కిందికి ఎక్కించడానికి మీకు చాలాకాలం పట్టింది.

ఆ కాలమంతా ఒక ఫోను కోసం ఎదురుచూడటం.

ఈ వృత్తికి నియామకపత్రం లేదు. యూనియన్ కార్డు ఉంటుంది, యూనియన్ నిర్ణయించిన రేటు ఉంటుంది. పని మాత్రం ఆర్కెస్ట్రా ఇన్‌ఛార్జి నోటిలో ఉంటుంది. ఏ సంగీత దర్శకుడికి ఎల్లుండి ఎన్ని వయొలిన్లు కావాలో, ఎవర్ని పిలవాలో ఆయనే చూస్తాడు. మీ గదికి ఫోను లేదు. సొంత ఫోను కాదని తెలిసేలా, ఇంటివాళ్ళ నంబరు పక్కన పీపీ అని రాసి ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి ఇంటావిడ మేడ మెట్ల దగ్గర్నుంచి కేకేస్తుంది: "ఏమండీ, మీకు ఫోనూ!" చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుతారు.

"ఏమయ్యా, రేపు పొద్దున ఏడింటికి భరణిలో. మ్యూట్ తెచ్చుకో. టైముకు రావాలి."

"అలాగేనండీ."

అంతే సంభాషణ. కాదనకూడదు. ఒకసారి కాదంటే మీ చోట్లో ఇంకొకడు కూర్చుంటాడు. వాడు బాగా వాయిస్తే ఆ కుర్చీ వాడిదైపోతుంది. జ్వరమొచ్చినా వెళ్తారు. చెల్లెలి పెళ్ళిచూపులున్నా వెళ్తారు. ఒకే రోజు రెండు చోట్ల కాల్‌షీట్ ఉంటే మధ్యాహ్నం ఇడ్లీ పొట్లం ఆటోలోనే తింటారు. భానుమతీ రామకృష్ణల భరణీ, ఎల్వీ ప్రసాద్ పెట్టిన ప్రసాదూ, విజయా వాహినీ, ఏవీఎం స్టూడియోలన్నీ ఆ కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం ముక్కలోనే ఉండటం మీ అదృష్టం. సగం మన తెలుగువాళ్ళు కట్టిన పేట అది. అక్కడే ఒక మూల కీబోర్డు ముందు పదహారు పదిహేడేళ్ల కుర్రాడు తల వంచుకుని వాయిస్తుంటాడు. పేరు దిలీప్. సంగీత దర్శకులు రమేష్ నాయుడుకీ, ఇళయరాజాకీ, తర్వాత రాజ్-కోటికీ వాయించిన ఆ కుర్రాడే ఏఆర్ రెహమాన్. ఇళయరాజా కూడా 1976లో 'అన్నక్కిళి'కి ముందు కాల్‌షీట్లకు గిటారు వాయించినవాడే. మణిశర్మ తండ్రి వైఎన్ శర్మ ఈ వయొలిన్ వరసల్లోనే కూర్చున్నారు. తెలుగు సినిమా సంగీతం చాలావరకు ఈ కుర్చీల్లోంచి లేచినవాళ్ళదే.

పాటల రికార్డింగ్ కన్నా మీకు ఇష్టమైనది రీరికార్డింగ్. రీలు అంటే వెయ్యి అడుగులు, సుమారు పదకొండు నిమిషాల సినిమా. తెర మీద ఒకసారి రీలు వేస్తారు. సంగీత దర్శకుడు చూస్తూ టైము రాసుకుంటాడు, అక్కడికక్కడే స్వరాలు రాస్తాడు. కాపీయిస్టులు ఎత్తి రాస్తారు. మీకు కాగితాలు వస్తాయి. దీపాలు తగ్గుతాయి, రీలు మళ్ళీ తిరుగుతుంది. తెర కండక్టర్‌కు ఎదురుగా ఉంటుంది. మీరు కండక్టర్‌కు ఎదురుగా ఉంటారు. అంటే తెర మీ వీపు వెనక.

వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఒక తల్లి గొంతు. తలుపు చప్పుడు. మీకు కనిపించేది కండక్టర్ ముఖం, ఆ ముఖం మీద కదిలే తెర వెలుతురు. ఆయన ఎడమచేతి వేళ్ళు నెమ్మదిగా ముడుచుకుంటాయి, అంటే ఇంకా సన్నగా. బ్రిడ్జి మీద మ్యూట్ తగిలించారు. కమాను మొన దగ్గర, తీగ మీద బరువు దాదాపు లేకుండా, పన్నెండు వయొలిన్లు ఒకే స్వరం పట్టుకున్నాయి. వెనక ఆ తల్లి ఏమంటోందో మాటలు తెలియడం లేదు. ఆమె ఊపిరి తీసుకున్న చోట కండక్టర్ చెయ్యి ఎత్తాడు. మీరందరూ కమాను ఎత్తారు. ఆ ఖాళీలో ఆమె ఇంకో మాటంది. అప్పుడు సెల్లోలు వచ్చాయి. ఏ హాల్లోనో వెయ్యిమంది కళ్ళు తుడుచుకునే క్షణం అది. దాన్ని మీరు వీపుతో చూశారు.

'సాగరసంగమం', 'స్వాతిముత్యం', 'గీతాంజలి'. ఆ పాటల్లో రెండు చరణాల మధ్య వచ్చే వయొలిన్లను నోటితో పాడుకోని తెలుగు ఇల్లు ఉందా? సాహిత్యం మర్చిపోయినవాళ్ళు కూడా ఆ ముక్కను మర్చిపోరు. కాసెట్ అట్ట తిప్పి చూస్తే సంగీత దర్శకుడి పేరుంటుంది, కవి పేరుంటుంది, గాయకుల పేర్లుంటాయి. వాయించినవాళ్ళది ఒక్క పేరూ ఉండదు. ఏ అరుదైన సందర్భంలోనో సెక్షన్‌లోంచి ఒక పేరు బయటికొచ్చేది. 1986లో త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితంగా ఇళయరాజా చేసిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌లో వయొలినిస్టు విఎస్ నరసింహన్ అని లోకానికి తెలిసింది. ఆయన తర్వాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ నడిపారు. ఆ వెనక కూర్చున్న వరసల పేర్లు మాత్రం ఇన్‌ఛార్జి వోచర్ పుస్తకంలోనే ఉండిపోయాయి. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. డబ్బు ఎగ్గొట్టారని అనడం లేదు. చాలాసార్లు వోచర్ మీద సంతకం పెట్టించుకుని ఇచ్చారు. పేరు అచ్చువేయడానికి అయ్యే ఖర్చు ఒక గీత సిరా, అదీ వేయలేదు.

పేరు లేకపోవడం పరువుకు సంబంధించిన విషయం మాత్రమే అయితే సర్దుకోవచ్చు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకులకు రాయల్టీ హక్కు ఇచ్చారు. ఆ చట్టంలోనే ఒక షరతు ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగానో అనుబంధంగానో ప్రదర్శన చేసి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో ఎక్కడా పేరు పడని వ్యక్తిని ఈ లెక్కలోకి ప్రదర్శకుడిగా తీసుకోరు. సినిమాలో వయొలిన్ వరస యాదృచ్ఛికమా? అనుబంధమా? ఆ తల్లి ఏడుపు కింద వాయించినవాళ్ళను అడగండి.

1992లో రెహమాన్ 'రోజా' వచ్చింది. అంతకుముందే సింథసైజర్లు హాల్లోకి వచ్చి ఉన్నాయి. మీటనొక్కితే వయొలిన్ల గుంపులా పలికే పెట్టెల్ని మీరు చూస్తూనే ఉన్నారు. మార్పు ఒక్కరోజులో రాలేదు. ఇరవై వయొలిన్లు పిలిచేచోట పన్నెండు పిలిచారు. పన్నెండు పిలిచేచోట ఆరు. ఒక నెల ఫోను రాలేదు. ఇప్పుడు మీ ఇంట్లోనే ఫోను ఉంది, రిసీవర్ ఎత్తి డయల్ టోన్ ఉందో లేదో చూసి పెడుతుంటారు. మీ ఆవిడ ఒక స్కూల్లో టీచరుగా చేరింది. మీరు టీ నగర్ కల్యాణ మండపాల్లో రిసెప్షన్లకు లైట్ మ్యూజిక్ ట్రూపుతో వెళ్ళారు. మీరు అసలు రికార్డింగులో వాయించిన ముక్కనే, జనం పాయసం తింటుంటే, ఒక్కరే వాయించారు. పిల్లలకు ట్రినిటీ గ్రేడు పరీక్షలకు పాఠాలు చెప్పారు. వాళ్ళలో సగం మంది ఐదో గ్రేడు దాటి ఇంజినీరింగ్ కోచింగ్‌కు వెళ్ళిపోయారు.

కొందరు తోటివాళ్ళు వయొలిన్ అటక ఎక్కించారు. మీరు ఎక్కించలేదు. పొద్దున్నే స్కేళ్ళు, రోజూ.

పని మళ్ళీ వచ్చింది గాని రూపం మారింది. హాల్లో గాయకుడు లేడు, తబలా లేదు, ఫ్లూటు లేదు. ఎనిమిది వయొలిన్లు, చెవిలో హెడ్‌ఫోన్స్, దాంట్లో టిక్కు టిక్కుమనే క్లిక్. వాయించాక ఇంజనీరు అంటాడు, "ఇంకో లేయర్." అదే ముక్క మళ్ళీ వాయిస్తారు. మళ్ళీ ఇంకోటి. ఎనిమిది మంది మూడుసార్లు వాయిస్తే ఇరవై నాలుగు మంది ఉన్నట్టు వినిపించాలి. ప్రతిసారీ కుర్చీలు మార్చుకుంటారు, మైకుకు దూరాలు మారి శబ్దం కొంచెమైనా వేరుగా పడాలని. అచ్చంగా అలాగే వాయిస్తే గుంపులా ఉండదు, మరీ వేరుగా వాయిస్తే అతకదు. ఒకప్పుడు పక్కాయనతో కలవడం నేర్చుకున్నారు. ఇప్పుడు పావుగంట కిందటి మీతోనే కలవాలి.

షూటింగులు ఎప్పుడో హైదరాబాదుకు వెళ్ళిపోయాయి. సంగీతం కూడా మెల్లగా వెళ్ళింది. పెద్ద బడ్జెట్ సినిమాల తీగవాద్యాలు ఇంకా దూరం వెళ్ళాయి. 2000లో వచ్చిన 'హే రామ్'కే ఇళయరాజా బుడాపెస్ట్‌లో వాయింపించారు, 2005లో వచ్చిన 'తిరువాసకం' ఆల్బమ్‌కూ అక్కడి సింఫనీ బృందమే. ఆ తర్వాత ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే పేరు మన సంగీత దర్శకుల నోట మామూలైపోయింది. అక్కడివాళ్ళు గొప్పగా వాయిస్తారు, అందులో అనుమానం లేదు. కాగితం పెట్టగానే మొదటిసారే తప్పులేకుండా వస్తుంది. అంత పెద్ద గుంపు శబ్దానికి మనసు పోవడం సహజం. మనకు అలాంటి బృందాన్ని ఏడాది పొడవునా జీతమిచ్చి నిలబెట్టే ఏర్పాటు తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ లేదు. ఉండాలని నా పట్టుదల.

ఒకరోజు మీ సెల్‌ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. హైదరాబాదు, శుక్రవారం, మధ్యాహ్నం రెండు. నలుగురు వయొలినిస్టులు. కర్ణాటకం, నొటేషన్ రెండూ వచ్చినవాళ్ళు కావాలి.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్ దిగి, స్నానం చేసి, ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులోని స్టూడియోకు వెళ్ళారు. మిగతా ముగ్గురూ మీ పిల్లల వయసువాళ్ళు. స్టాండు మీద కాగితానికి బదులు ట్యాబ్, పేజీ కాలితో నొక్కితే తిరుగుతుంది. సంగీత దర్శకుడు వచ్చి విషయం చెప్పాడు. తీగవాద్యాలన్నీ విదేశంలో రికార్డయిపోయాయి, అద్భుతంగా వచ్చాయి. ఒక్కచోట తోడిలో రెండు వాక్యాలున్నాయి. అక్కడివాళ్ళు కాగితం మీద ఉన్న స్వరాల్ని సరిగ్గానే వాయించారు. రాగం పలకలేదు.

ట్యాబ్‌లో చూశారు. గాంధారం దగ్గర ఒక చుక్క, పైన వంకర గీత. అంతే ఉంది.

"సార్, ఈ గీతను ఎలా లెక్కపెట్టాలి? నాలుగుసార్లా, ఆరుసార్లా?" అని అడిగింది చివరి కుర్చీలో అమ్మాయి. వేళ్ళు చాలా శుభ్రంగా ఉన్నాయి ఆమెకు, స్కేళ్ళు వాయిస్తుంటే విన్నారు.

"లెక్క తర్వాత చూద్దాం అమ్మా. ముందు పాడు."

"నేనా? నాకు పాడటం రాదు సార్."

"ఎలా వచ్చినా సరే."

మీరే ముందు అందుకున్నారు. తోడి గాంధారం ఒక చోట నిలబడదు. రిషభం దగ్గర్నుంచి లేచి మధ్యమాన్ని తాకీ తాకకుండా వెనక్కి వాలుతూ ఊగుతుంది. విజయనగరంలో నేల మీద కూర్చుని నేర్చుకున్న ఊపు. నలుగురూ పాడారు, రెండోసారికి ఆ అమ్మాయి గొంతులో కూడా వాలడం మొదలైంది. ఇంజనీరు గాజు అవతల నుంచి చూస్తూ ఏమీ అనలేదు. అప్పుడు వయొలిన్లు ఎత్తారు. ఒక్కరు ఇలా ఊపడం ఏ విద్వాంసుడికైనా వస్తుంది. నాలుగు ఎడమచేతులు, దవడ కింద నిలవని వాద్యంతో, ఒకే వేగంలో ఒకే దూరం జారడం కోడంబాక్కం హాళ్ళలో పుట్టిన విద్య. దాన్ని ఏ పుస్తకంలోనూ రాయలేదు. పక్క కుర్చీ నుంచి పక్క కుర్చీకి వచ్చింది.

ఏ వేలితో మొదలుపెట్టాలో నిర్ణయించారు, రెండో వేలు. కమాను మార్చేది ఊపు మధ్యలో కాదని, వాలు చివర అని చెప్పారు. ముగ్గురూ ట్యాబ్ మీద గుర్తు పెట్టుకున్నారు. క్లిక్ మొదలైంది. మొదటి వాక్యం కొంచెం తడబడింది. రెండోసారి నిలబడింది. మూడోసారికి సంగీత దర్శకుడు గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఓకే సార్, ఇది ఉంచుకుందాం. ఇంకో లేయర్ ఇస్తారా?" అన్నాడు ఇంజనీరు హెడ్‌ఫోన్స్‌లో.

అమ్మాయి మీ వైపు తిరిగింది. "ఈసారి మధ్యమం దగ్గర ఇంకొంచెం ఆగి వాలుదామా సార్? అక్కడ మీది ముందే దిగుతోంది, నాకు వినిపిస్తోంది."

"సరే, నీతోపాటే దిగుతాను. నువ్వు పట్టు," అన్నారు మీరు, వయొలిన్ ఎత్తుతూ.